ఉగ్రమూర్తి శాంతించిన విధము

మూసీతీరమున చైతన్యపురిలో కోసగుండ్ల నరసింహస్వామి వెలసియున్నాడు. ఆ గుట్టపైననే విష్ణుకుండినుల నాటి ప్రాకృత శాసనమొకటి గోవిందరాజ విహారమును, భిక్షాన్నముతో జీవించు బౌద్ధులను పేర్కొనుచున్నది. అన్యుల దైవములను ఏ దృష్టితో చూడవలెనను ప్రశ్న అక్కడ నిలిచిన భక్తునకు సహజముగా కలుగును.

ప్రాచీన ఈజిప్టువారు సింహముఖముగల సెఖ్మెత్ దేవిని కొలిచిరి. ద్రోహులైన మానవులను శిక్షింప సూర్యదైవమగు ‘రా’ ఆమెను పంపెనట. ఆమె సంహారము ఎంతకును ఆగలేదు. తుదకు ఆయనయే జాలిగొని, ఎర్రరంగు కలిపిన మద్యమును 7000 కడవలు పొలములలో పోయించెను. రక్తమని భ్రమించి, త్రాగి ఆమె శాంతించెను.

భాగవత సప్తమస్కంధమున హిరణ్యకశిపుని వధించిన పిదప స్వామి ఉగ్రత చల్లారలేదు. లక్ష్మీదేవియు దరిజేర వెరచినది. బ్రహ్మ పంపగా ప్రహ్లాదుడు పాదములపై వ్రాలెను. స్వామి కరకమలమును బాలుని శిరమున ఉంచెను. తనను బాధించిన తండ్రి పాపవిముక్తుడు కావలెనని ఆ బాలుడు వేడుకొనెను.

పోలిక ఉన్నంతమాత్రమున ఒకటి మరియొకదానికి అనుకరణమనుట తగదు. శిక్షింపవచ్చిన క్రోధమునకును హద్దు ఉండవలెనని ఉభయులును ఎరిగిరి. అచ్చట ఉపాయము, ఇచ్చట భక్తి ఆ హద్దును ఏర్పరచినవి. ఈ భేదమును గ్రహించి మన స్వామిని మరింత ప్రేమింతము, కాని గర్వింపరాదు. శత్రువైన తండ్రికొరకే ప్రార్థించిన ప్రహ్లాదుని కీర్తించు నోట పరదైవనింద వెలువడుట తగునా?