ఆర్డరు ఎవరిది?

నెలకో శనివారం మేం ఆరుగురం కలుస్తాం, ఒక్కో నెల ఒక్కొక్కరి ఇంట్లో. మమ్మల్ని కలిపింది క్రోషా పిచ్చి ఒక్కటే. ఇద్దరం రిటైరైన లెక్చరర్లం. ఒకావిడ బ్యాంకులో పాతికేళ్లు చేసి స్వచ్ఛంద విరమణ తీసుకుంది. ఒకమ్మాయి సాఫ్ట్‌వేరు. ఒకావిడకి సొంత టైలరింగ్ షాపుంది. ఆరో ఆవిడ "నేనేం చెయ్యనండీ, ఇంట్లోనే ఉంటాను" అని పరిచయం చేసుకుంటుంది. ఆ మాట మీద రెండేళ్లుగా ఆవిడతో పోట్లాడుతూనే ఉన్నాం.

టీలయ్యాక, అల్లికలు బయటికి తియ్యకముందు, మాకో తంతు ఉంది. "ఈ నెల ఏం కొన్నారు?" అని ఎవరో ఒకరు మొదలుపెడతారు. సంచులు తెరుచుకుంటాయి. నూలు ఉండలు, కొత్త రంగు దారాలు, డిజైన్ల పుస్తకం, ఒక్కోసారి అల్లికతో ఏ సంబంధమూ లేనివి కూడా. చిన్న సెంటు సీసా, కోఠీ ఫుట్‌పాత్ మీద యాభై రూపాయలకు దొరికిన పాత నవల, ఎవరికీ చెప్పకుండా హోటల్లో ఒంటరిగా కూచుని తిన్న నెయ్యి దోశ. (దోశను సంచిలోంచి తీసి చూపించలేం కాబట్టి వర్ణించి చెప్పాలి. బ్యాంకావిడ చాలా బాగా చెబుతుంది.) వస్తువులు చేతులు మారతాయి. దారాన్ని చెంపకి ఆనించి మెత్తదనం చూస్తాం. ఒకరు కొన్నదానికి మిగతా ఐదుగురూ నిజంగానే సంతోషపడతారు. ఇలాంటి సంతోషం నాకు చుట్టాల పెళ్లిళ్లలో ఎప్పుడూ కనపడలేదు.

తర్వాత ధర. ఇక్కడే అసలు సంగతి ఉంది. మాలో ప్రతి ఒక్కరి దగ్గరా ఒక వస్తువుకి రెండు ధరలుంటాయి. ఒకటి ఇంట్లో చెప్పేది, రెండోది ఇక్కడ చెప్పేది. పాతికేళ్లు సొంతంగా సంపాదించి, ఇవాళ్టికీ సొంత పెన్షను తీసుకునే బ్యాంకావిడ కొత్త దారాలను బియ్యం డబ్బా వెనకాల దాస్తుంది. అడిగితే "ఆయన ఏమీ అనరండీ" అంటుంది. అనని మనిషి దగ్గర దాచడం ఎందుకో ఆవిడకీ తెలీదు. మా లెక్చరరు స్నేహితురాలి భర్తకు ఫొటోగ్రఫీ సరదా. ఆయన కెమెరా లెన్సు కొన్నప్పుడు డబ్బా హాల్లోనే విప్పి, ధర ముందు చెప్పి, "ఇది ఇన్వెస్ట్‌మెంటు" అన్నాడట.

నా సంగతీ చెప్పుకోవాలి. కిందటేడు జపాన్‌లో, హిరోషిమాలో తయారయ్యే ట్యూలిప్ అనే కంపెనీ క్రోషా సూది ఒకటి కొన్నాను. పట్టుకునేచోట మెత్తటి రబ్బరు ఉంటుంది. ఒక్క సూది, వెయ్యి పైచిలుకు. ఆ శనివారం దాన్ని చూపిస్తూ "బొటనవేలి కీలు నొప్పి కదా, డాక్టరు ఇలాంటిదే వాడమంది" అన్నాను. ఏ డాక్టరూ అలా అనలేదు. అంత దగ్గరివాళ్ల మధ్య కూడా, అడగని ప్రశ్నకు అబద్ధపు జవాబు ఇచ్చాను. కావాలనిపించింది, కొన్నాను అనే రెండు మాటలు గొంతు దాటి రాలేదు.

స్త్రీల ఉద్యమంలో చాలాకాలం కలిసి పనిచేసిన మిత్రురాలికి ఈ శనివారాల గురించి చెబితే నిర్మొహమాటంగా విమర్శించింది. ఇది మామూలు వినియోగ సంస్కృతే, దీనికి స్త్రీవాదం ముసుగు వెయ్యకండి అంది. సగం నిజమే. నా బీరువాలో ఇప్పుడున్న దారం అల్లి పూర్తి చెయ్యాలంటే పదేళ్లు కావాలి. అయినా ఇంకా కొంటూనే ఉన్నాను. కొనడాన్ని నేను సమర్థించబోవడం లేదు. కొన్నదాన్ని నలుగురి మధ్యా పెట్టి, "ఇది నాకోసం, ఇంత పెట్టాను" అని పైకి అనడం గురించే ఆలోచిస్తున్నాను. సొంత గది గురించీ, సొంత డబ్బు గురించీ మనం చాలా రాసుకున్నాం. ఆ గదిలో కూచుని ఉత్త సరదా కోసం ఆ డబ్బు ఖర్చు పెట్టుకోవడం గురించి రాయడానికి మాత్రం ఇప్పటికీ ఇబ్బందిపడతాం.

ఇవన్నీ ఇంత గట్టిగా ఆలోచించడానికి కారణం మా పిన్ని.

పిన్నిది నర్సాపురం దగ్గర పల్లె. కంటి ఆపరేషన్‌కి హైదరాబాదు వచ్చి మా ఇంట్లో ఉంది. ఆ నెల శనివారం మా ఇంట్లోనే పడింది. ఆవిడ నల్లకళ్లద్దాలతో ఓ మూల కుర్చీలో కూచుంది. టైలరింగ్ షాపావిడ మర్యాదకి ఒక దారం ఉండ పిన్ని చేతిలో పెట్టింది. పిన్ని దాన్ని అరచేతిలో రెండుసార్లు ఎగరేసి, "యాభై గ్రాములన్నాడా? ఉండదు" అంది. వంటింటి త్రాసు తెచ్చి తూస్తే నలభై ఆరు. మేమందరం చప్పట్లు కొట్టాం. పిన్ని నవ్వలేదు.

"ఆర్డరు ఎవరిది?" అంది.

మాకు అర్థం కాలేదు. ఆర్డరు ఏమీ లేదు, ఎవరికి వాళ్లం మాకోసమే అల్లుకుంటాం అన్నాను. "అమ్ముతారా?" అంది. లేదన్నాం. "మరి?"

"ఏదో కాలక్షేపం పిన్నీ" అన్నాను.

"మమ్మల్నీ అలాగే అనేవారే అమ్మాయ్" అంది పిన్ని.

నర్సాపురం లేసు సంగతి ఈ పత్రిక పాఠకులకు కొత్త కాదు. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు కొత్తగా మతం పుచ్చుకున్న పేద స్త్రీలకు నేర్పిన పని అది. తర్వాత కాపు కుటుంబాల ఇళ్లలోకి పాకింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర ఆ పల్లెల్లో తిరిగి రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఆమె 2023లో కన్నుమూసింది. ఆ పుస్తకాన్ని నేను ఎమ్మే విద్యార్థులకు పదిహేనేళ్లు పాఠం చెప్పాను. ఏజెంటు దారం ఇచ్చి వెళతాడు, అల్లినది పట్టుకుపోయి ముక్కల లెక్కన డబ్బిస్తాడు. పువ్వులు అల్లేది ఒకరు, వాటిని అతికేది మరొకరు. పూర్తయిన టేబుల్ గుడ్డ ఎలా ఉంటుందో, ఏ దేశంలో ఎవరి బల్లమీద పరుస్తారో పువ్వు అల్లినామెకు తెలీదు. మగవాళ్లు ఏజెంట్లు, వ్యాపారులు, ఎగుమతిదారులు అయ్యారు. ఆడవాళ్లు మాత్రం లెక్కల్లో "గృహిణులు"గానే ఉండిపోయారు. తీరిక వేళల్లో చేసుకునే పని కాబట్టి అది పనే కాదు, పని కానిదానికి కూలి రేటు ఉండదు. పొలం పనికి పోయే దళిత స్త్రీకి అంతకంటే ఎక్కువ కూలి వచ్చేది. అయినా గడప దాటని పరువు అనే ఊహతో మా వాళ్లు ఆ తక్కువ డబ్బుని గౌరవంగా భావించారు. మా అమ్మమ్మ "మనం కూలికెళ్లేవాళ్లం కాదు" అని గర్వంగా అనడం నేను విన్నాను. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ చేతిలో సూది ఆగేది కాదు.

ఇదంతా క్లాసులో చెప్పిన నేను, సొంత పిన్నిని ఒక్కసారి కూడా "నువ్వు ఎంతకు అల్లేదానివి?" అని అడగలేదు. ఆ రాత్రి అడిగాను.

కూలి సంగతి ఒక్క ముక్కలో తేల్చేసింది. ఏమీ వచ్చేది కాదు, అంతే. ఆవిడ చెప్పాలనుకున్నది వేరే. దారం తూచి ఇచ్చేవారట, లేసు తూచి తీసుకునేవారట. కాస్త వదులుగా అల్లితే ప్రతి ముక్కలోనూ గజమో రెండు గజాలో మిగిలేది. ఏడాది పొడుగునా అలా మిగిల్చిన ముక్కల్ని ముడులేసి కలిపి, పెద్దకూతురికి లంగా అంచుకు లేసు అల్లింది. పండక్కి ఆ పిల్ల కట్టుకుంటే ఏజెంటు చూశాడు. ఏమీ అనలేదు, నవ్వాడు. తర్వాత నెల నుంచి దారం ఇవ్వడం మానేశాడు. మళ్లీ పని దొరకడానికి ఆరునెలలు పట్టింది. "దొంగతనమే కదే మరి" అంది పిన్ని, నిద్రలోకి జారుకుంటూ.

నాకు నిద్ర పట్టలేదు. 1902లో హిందూ సుందరిలో వచ్చిన భండారు అచ్చమాంబ కథ 'ధన త్రయోదశి' గుర్తొచ్చింది. యజమాని డబ్బు దొంగిలించి తెచ్చిన భర్తకు బుద్ధి చెప్పి, ఆ డబ్బు వెనక్కి ఇప్పించే పేద భార్య కథ. అచ్చమాంబ మీద నాకున్న గౌరవం తగ్గదు. ఆ ఇల్లాలి నైతిక బలం ఆ కాలానికి పెద్ద మాట. కానీ మన మంచి స్త్రీలందరికీ ఏమీ అక్కర్లేకపోవడం ఎందుకు అనే ప్రశ్న మాత్రం ఆ రాత్రి వదల్లేదు. నాకు అక్కర్లేదు అనే స్త్రీని నూరేళ్లు మెచ్చుకున్నాం. అదే స్త్రీ దగ్గరికి ఏజెంటు వచ్చి, నీకు డబ్బు అక్కర్లేదుగా, ఊరికే తీరిక వేళలో చేస్తున్నావుగా అన్నప్పుడు ఆమె దగ్గర బదులు చెప్పడానికి మాట లేదు.

అప్పుడు నా మాట నాకు వినబడింది. ఏదో కాలక్షేపం. వినయంగా, నా సరదాని చిన్నది చేసి, ఎవరూ తప్పు పట్టకుండా అన్న మాట. సూది ధర తగ్గించి చెప్పినప్పుడూ, డాక్టరు పేరు వాడుకున్నప్పుడూ నేను చేసింది ఇదే. నా సమయానికీ నా ఇష్టానికీ విలువ లేదని నేనే ఒప్పుకుంటే, పిన్ని సమయానికి విలువ కట్టని ఏజెంటుతో ఏ నోటితో వాదిస్తాను?

ఇంకో సంగతి రాయకపోతే ఇదంతా అబద్ధమవుతుంది. జపాను సూది కొన్న నెలలోనే ఒక హస్తకళల ఎగ్జిబిషన్‌లో నర్సాపురం లేసు టేబుల్ గుడ్డ బేరం ఆడాను. అమ్ముతున్నామె పద్దెనిమిది వందలు చెబితే పన్నెండు వందలకు దింపాను. ఆ గుడ్డ అల్లడానికి ఎన్ని రోజులు పడుతుందో ఆ స్టాలు ముందు నిలబడ్డ వాళ్లందరిలో నాకే బాగా తెలుసు. సూదికి మాత్రం ఒక్క రూపాయి తగ్గించమని అడగలేదు. ఆ శనివారం ఆ గుడ్డని కూడా అందరికీ చూపించి, బేరం గురించి గొప్పలు చెప్పుకున్నాను. అందరూ మెచ్చుకున్నారు. 2024లో నర్సాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మావాళ్ల ఊరికి పేరొచ్చిందని పేపరు కత్తిరించి దాచుకున్నదీ నేనే. ఆ గుడ్డ ఇప్పుడు బీరువాలో ఉంది. పరవాలనిపించలేదు.

కంటి పట్టీ తీసేశాక పిన్నిని దారాల షాపుకు తీసుకెళ్లాను. జీవితమంతా ఎక్కువగా తెలుపూ గోధుమ వన్నే అల్లింది. ఆపరేషనైన కంటితో ఆ రంగుల గోడను చూస్తూ చాలాసేపు నిలబడింది. నేను కొనిస్తానంటే ఒప్పుకోలేదు. రొంటిన ఉన్న చిన్న పర్సు తీసి, రేటు అడిగి, తన డబ్బుతో రెండు ఎర్ర దారం ఉండలు కొంది. మిరపపండు ఎరుపు. ఏం అల్లుతావన్నాను. "తెలీదే. ముందు నా దగ్గర ఉండనీ" అంది.

ఆ నెల శనివారం తంతులో పిన్ని వంతు వచ్చింది. ఎర్ర ఉండలు రెండూ ఒళ్లో పెట్టుకుని ధర చెప్పింది, నలిగిన బిల్లు కూడా చూపించింది. "ఏమీ చెయ్యను" అనే ఆరో ఆవిడ లేచి వచ్చి పిన్ని పక్కన కూచుంది. మేమందరం ఉండల్ని చెంపలకి ఆనించుకుని చూశాం.

పిన్ని ఊరెళ్లిపోయి మూడు నెలలైంది. మొన్న ఫోన్ చేసి, దారం ఇంకా విప్పలేదా అని అడిగాను. ట్రంకుపెట్టెలో చీరల మధ్య ఉందట, అప్పుడప్పుడూ తీసి చూసుకుంటుందట. కోడలు చూసి ఎంతకు కొన్నారత్తయ్యా అని అడిగిందట.

"ఏం చెప్పావు?" అన్నాను.

"సగమే చెప్పానే" అంది.