కాటా దగ్గర ఎవరున్నారు?

చిన్నా,

హెడ్ షెఫ్ అయ్యావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఫుడ్ కాస్ట్‌ని అమ్మకాల్లో 38 శాతం నుంచి 30కి దించకపోతే వేరేవాణ్ణి చూసుకుంటామన్నారని నువ్వు రాసింది కూడా చదివాను. మీ ఓనరు మీద కోపం పెట్టుకోకు. 2017 నవంబరు నుంచి మీలాంటి రెస్టారెంట్లు 5 శాతం జీఎస్టీ వసూలు చేస్తున్నా, అద్దె మీదా ఏసీల మీదా కట్టిన పన్ను వెనక్కి రాదు. అదంతా ఆయన నెత్తినే. పైన డెలివరీ యాప్‌ల కమీషన్ ఒకటి. తగ్గించమనడంలో న్యాయముంది. ఎక్కడ తగ్గిస్తావన్నదే నీ చేతిలో ఉంది.

అందరి చెయ్యీ ముందు నూనె మీదికి పోతుంది. నీది పోనివ్వకు. మళ్లీ మళ్లీ మరిగించేకొద్దీ పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జులై నుంచి ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధన ఉంది. కుర్రాళ్ల భోజనం జోలికీ వెళ్లకు. కడుపు మాడినవాడు కూర రుచి చూడడు, తినేస్తాడు.

మొదట వెనక గుమ్మం దగ్గర నిలబడు. పొద్దున సరుకు దిగేటప్పుడు కాటా దగ్గర ఎవరుంటున్నారు? కిలో 280కి చేప కొన్నావనుకో. తల, పొలుసు, పేగులు పోగా 600 గ్రాములు మిగిలితే పెనం మీదికొచ్చేది కిలో 467 రూపాయల చేప. కిలో అని రాసి 900 గ్రాములే దించాడా, అదే 519 పడుతుంది. మెనూ రేటు 280ని చూసి వేశారంటే ప్లేటు ప్లేటుకీ చిల్లే.

అసలు సంగతి ఇది. కూరగాయలవాడో చికెన్‌వాడో ఒకరోజు చేతిలో కవరు పెడతాడు. పండక్కి సార్, అంటాడు. మన లైనులో దాన్ని లంచమని ఎవరూ అనరు. తీసుకున్న మర్నాటి నుంచి వాడిపోయిన కొత్తిమీర తిప్పి పంపలేవు, కాటా మీది అంకె గట్టిగా చదవలేవు. ఆ డబ్బు వాడు తన జేబులోంచి ఇవ్వడు, బిల్లులోనే లాగుతాడు. ఆ కవరుతో ఇంటికి ఫ్రిజ్ కొన్నావనుకో, కొనిపెట్టింది మీ ఓనరే, ఆయనకు తెలీదంతే. ఇప్పటి 38లో నీకు ముందున్నాయన కవరు ఎంతుందో కూడా చూడు. "నాకొద్దు, రేటులో తగ్గించి రాయి" అను. రెండు రోజులు మొహం మాడ్చుకుంటాడు, తర్వాత అలవాటు పడతాడు.

సరుకు రేట్లు మండినప్పుడూ అడ్డదారి పట్టకు. 2023 జులైలో టమాటా కిలో వంద దాటిపోయినప్పుడు ఉత్తర, తూర్పు భారతంలోని చాలా మెక్‌డొనాల్డ్స్ దుకాణాలు టమాటా ఆపేసి, ఆ మాట బోర్డు మీద రాశాయి. రేటు వల్ల కాదు, మంచివి దొరక్క అన్నారులే! ఏదైతేనేం, చెప్పి ఆపారు. నువ్వూ అలాంటప్పుడు ఆ ఐటమ్ తీసెయ్యి. గుమ్మడికాయ గుజ్జుకి రంగు కలిపి టమాటా గ్రేవీ అని అమ్మకు.

ఇవన్నీ చేసినా 33 దగ్గర ఆగొచ్చు. అప్పుడు లెక్క కాగితం మీద పెట్టి, అమ్ముడుపోని ఐటమ్స్ తీసేద్దామని, రెండింటి రేటు పెంచుదామని అడుగు. కల్తీ చేసైనా 30 తెమ్మంటే మానెయ్యి. అందుకే రెండు నెలల ఇంటి ఖర్చు ఇప్పటి నుంచే పక్కన పెట్టుకో.

ఈ వారం సరుకు బిల్లులు ఫోటో తీసి పంపు. చికెన్‌వాడి రేట్లు ముందు చూస్తాను.

నీ
మావయ్య