నిద్రించిన జ్ఞానము

సీతాదేవి కానరాని పిదప శ్రీరామచంద్రుని స్థితిని వాల్మీకి మహర్షి అరణ్యకాండమున దాచలేదు. ఆ ప్రభువు కదంబమును, మారేడును, అశోకమును సీత జాడ అడిగెను. లేడిని, ఏనుగును అడిగెను. చూచుటకు ఉన్మత్తునివలె ఉండెనని ఋషియే చెప్పెను. దీనిని నిత్యము పారాయణము చేయు గృహములలోనే, ఒకరి మనస్సు చెదరినచో దానిని అపకీర్తిగా నెంచి తలుపులు మూయుట వింతకాదా!

లక్ష్మణుడు అప్పుడేమి చేసెను? పద్మములకై వెళ్ళినదేమో గోదావరికి పోయి చూడుమని అన్న కోరగా, వాదింపక వెళ్ళి, రేవులన్నియు వెదకి వచ్చి, కానరాలేదనెను. రాముడు లోకములనే నాశనము చేయబూనినపుడు మాత్రము చేతులు జోడించి అడ్డుపడెను. అప్పుడతని నోరు ఎండిపోయినదట. పౌరాణికులు సాధారణముగా ఈ మాటను దాటిపోవుదురు గాని, ఆదుకొనువానికిని భయముండును, అలసట యుండును. రోగిచెంత రాత్రులు మేల్కొను తల్లికి ఒక పూట తోడుండు బంధువు ఎంతటి ఉపకారి!

పిమ్మట లక్ష్మణుడు, అన్న తనకు పూర్వము నేర్పినదానినే తిరిగి వినిపించుచు, శోకముచే నిద్రించిన ఆయన జ్ఞానమును మేలుకొల్పుచున్నాననెను. నశించినదనలేదు.

రాముని శోకమునకు కారణము స్పష్టము. మనోవ్యాధికి అట్టి కారణము పైకి కనబడకపోవచ్చును. ఇంటివారి ఓర్పు సడలునది అచ్చటనే. చరకసంహిత నిదానస్థానము ఉన్మాదమున చెదరువాటిని ఎనిమిదింటిని చెప్పినది: మనస్సు, బుద్ధి, సంజ్ఞాజ్ఞానము, స్మృతి, భక్తి, శీలము, చేష్ట, ఆచారము. ఇచ్చట భక్తి యనగా ఇష్టము, అభిరుచి. నిన్నటిదాక ముగ్గువేసి దీపము పెట్టిన ఇల్లాలు నేడు మంచము దిగనిచో, ఆమెకు దైవచింతన పోయినదని నిందించుట శాస్త్రము తెలియనితనము. ఆ ఇష్టమునే వ్యాధి హరించినది.

మ్రొక్కులు మ్రొక్కవచ్చును, ఔషధము మాన్పించరాదు, బంధింపరాదు. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న పాకలు అంటుకొనగా, స్వస్థతకై చేర్చబడి గొలుసులతో కట్టుబడిన రోగులు పారిపోలేక 28 మంది మరణించిరి. గొలుసులతో బంధించుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది. వైద్యుని యొద్దకు పోవుటకు సంకోచించువారు 14416కు ఫోను చేసినచో, 2022లో ఆరంభమైన ప్రభుత్వ 'టెలి మానస్' సేవవారు తెలుగులోనే, ఉచితముగా మాటలాడుదురు.

వ్యాధి తగ్గి మరల తిరుగబెట్టినపుడు ఇంటివారు మిక్కిలి కృంగుదురు. లక్ష్మణుడు ఒక్కమారు ఓదార్చగానే రాముని దుఃఖము తీరలేదు. పంపాతీరమున వసంతశోభను చూచి ఆయన మరల విలపించెను, ప్రస్రవణగిరిపై మరల. ఎన్నిమారులు చెప్పవలెనని తమ్ముడు విసుగుకొనలేదు. ప్రక్కన కూర్చుండి మరల చెప్పెను.