తులాధారుడి తక్కెడ, నా బిల్లింగ్ రేటు

గత వీడియోలో మహాభారతం శాంతిపర్వంలోని తులాధారుడి కథ చెప్పుకున్నాం. చూడనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. జాజలి అనే తపస్వి కదలకుండా నిలబడి తపస్సు చేస్తుంటే ఆయన జడల్లో పక్షులు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని కూడా పొదిగాయి. అవి ఎగిరిపోయేదాకా ఆయన కదల్లేదు. నా అంతటివాడు లేడనుకున్నాడు. కాశీలో కొట్టు నడుపుకునే తులాధారుడికి కూడా నువ్వు సాటి కావని ఆకాశం నుంచి మాట వినిపించింది.

పగలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, రాత్రి ఈ ఛానల్‌కి ఎడిటింగ్, ఇదీ నా పని. ఆ వీడియో ఎడిట్ చేస్తుంటే ఒక చోట ఆగిపోయాను. తులాధారుడు ఏదీ తయారు చేసేవాడు కాదండి. సుగంధ ద్రవ్యాలు, మూలికలు ఇతరుల దగ్గర కొని మళ్ళీ అమ్మేవాడు. అంటే మన భాషలో మధ్యవర్తి. ఆ మధ్యవర్తి దగ్గరికే ధర్మం నేర్చుకోమని ఒక ఋషిని పంపించారు.

ఇది నాకెందుకు తగిలిందంటే, నేను పనిచేసేది కాంట్రాక్టు మీద. పని చేయించుకునే కంపెనీ వేరు, జీతం ఇచ్చే ఏజెన్సీ వేరు. చేరేటప్పుడు ఏజెన్సీ ఆవిడ "క్లయింట్ బడ్జెట్ ఇంతేనండి, ఇంక ఒక్క రూపాయి కూడా పెరగదు" అంది. నెలకి 92,000కి ఒప్పుకున్నాను. ఏడాది తర్వాత ఎవరో పొరపాటున పంపిన మెయిల్లో నా పేరు పక్కన అంకె చూశాను. నెలకి 1,60,000.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తర్వాత కోపం కాస్త తగ్గాక లెక్క వేసుకున్నాను. ఆ తేడా అంతా లాభం కాదు. పీఎఫ్‌లో యజమాని వాటా 12 శాతం వాళ్ళే కట్టాలి. క్లయింట్ డబ్బులు రెండు నెలలకి వచ్చినా నా జీతం ఒకటో తారీఖునే పడాలి. నన్ను వెతికి, ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్ళింది కూడా వాళ్ళే. నేనే వెతుక్కుంటే ఆ కంపెనీ గేటు కూడా దాటేవాణ్ణి కాదేమో.

మా నాన్నగారిది అమలాపురం దగ్గర కొబ్బరి తోట. పొద్దున్నే పేపర్లో అంబాజీపేట మార్కెట్ రేటు చూశాకే ఆయన కాఫీ తాగేది. దళారి వస్తాడు, కాయలు లెక్కపెడతాడు, తన కమీషన్ తను పట్టుకుంటాడు. నాన్నగారు గొణుగుతారు గానీ ఎప్పుడూ మోసపోయానని అనలేదు. అడిగితే, "వాడు లారీకి ఎత్తించాలి, కుళ్ళుకాయలు వస్తే వాడే భరించాలి. ఉత్తినే చేస్తాడేంట్రా?" అన్నారు. అప్పనపల్లి బాలబాలాజీ గుడి కట్టించిన మొల్లేటి రామస్వామి గారూ కొబ్బరి వ్యాపారే కదండీ. వ్యాపారంలో పాపం లేదని మా వైపు వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు.

మరి నా బాధేంటి? అంబాజీపేట రేటు అందరికీ తెలుసు. నా రేటు క్లయింట్‌కి తెలుసు, ఏజెన్సీకి తెలుసు, అమ్ముడయ్యే కాయకే తెలీదు!

అమెరికా వెళ్ళిన మనవాళ్ళదీ ఇదే గొడవ. కన్సల్టెన్సీ, దాని పైన వెండార్, ఆ పైన ఇంకో వెండార్. హెచ్1బీ మీద పనిచేసేవాళ్ళ జీతం ఎంతో తెలిపే నోటీసు పనిచేసే చోట పెట్టాలని అక్కడ రూలుంది. కానీ అందులో ఉండేది జీతమే. క్లయింట్ గంటకి ఎంత కడుతున్నాడో ఉండదు. అందుకే "ఎనభై-ఇరవై" అని ముందే వాటా మాట్లాడుకుని, ఆ ఎనభై దేంట్లో ఎనభయ్యో తెలీకుండా ఏళ్ళు గడిపేసేవాళ్ళున్నారు.

"నువ్వు ఒప్పుకున్నావు కదా, ఇంకేంటి?" అన్నాడు మా రూమ్మేట్. నిజమే. తెలిసినా బహుశా అంతకే చేరేవాణ్ణి, అప్పుడు నా అవసరం అలాంటిది. కానీ తులాధారుడు తన వ్యాపారం గురించి చెప్పుకున్న గొప్ప ఒక్కటే, మాయ లేకుండా కొని అమ్ముతానని. లాభం ఎంత తీసుకుంటాడో జాజలి అడగలేదు, ఆయనా చెప్పలేదు. అంటే తప్పు ఆ 68,000లో లేదు, "బడ్జెట్ ఇంతే" అన్న మాటలో ఉంది. చెప్పకపోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. ఇలా తేల్చుకుని హాయిగా ఉన్నాను.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్తే రాజోలు నుంచి ఒకావిడ ఆత్రేయపురం పూతరేకులు పట్టుకుని వచ్చారు. వాళ్ళబ్బాయిని ఆర్నెల్ల క్రితం నేనే మా ఏజెన్సీలో పెట్టించాను. "నీ దయ వల్లే బాబూ, ఈ రోజుల్లో రూపాయి ఆశించకుండా ఎవరు చేస్తారు?" అన్నారావిడ. ఆ అబ్బాయి చేరినందుకు ఏజెన్సీ నాకు 15,000 ఇచ్చింది. నేను అబద్ధమాడలేదు. చెప్పలేదంతే. కానీ ఆవిడ ఆ మాట అన్నప్పుడు కాదని అనలేదు, నవ్వి డబ్బా అందుకున్నాను. ఆ నవ్వుని ఏ లెక్కలో వెయ్యాలండీ?

పండగ అయ్యాక ఆ అబ్బాయికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. డబ్బు పంపిస్తానన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"డబ్బులొద్దులే అన్నయ్యా. ఇంతకీ నా బిల్లింగ్ ఎంతో నీకేమైనా తెలుసా?" అన్నాడు.

తెలీదన్నాను. అది మాత్రం నిజమేనండి.