మెట్టుకో రూపాయి

గడ్డి కోసుకురమ్మని ఇంట్లోవాళ్ళు పొలానికి పంపితే కొడవలితో వేలు కోసుకుని, ఆ కొడవలి అక్కడే పారేసి, దారినపోతున్న యాత్రికుల గుంపులో కలిసిపోయి తిరుమల కొండకు వచ్చేసిన పిల్లవాడు అన్నమయ్య. అప్పటికి అతనికి ఎనిమిదేళ్ళంటారు. మనవడు చిన్నన్న ద్విపదలో రాసిన చరిత్రలో ఆ పిల్లవాడు మోకాళ్ళ మెట్టు దాకా ఎక్కి, ఆకలికి ఓర్చుకోలేక, వెదురుపొద నీడన ఒక బండ మీద సొమ్మసిల్లిపోతాడు. పెద్దముత్తయిదువలా అలమేలుమంగమ్మ వచ్చి లేపుతుంది. కాళ్ళకున్న చెప్పులు విప్పమంటుంది. తానూ స్వామీ ఆరగించిన ప్రసాదం పెడుతుంది.

ఆ పిల్లవాడే పెద్దయి 32,000 సంకీర్తనలు చెప్పాడని లోకం తలచుకుంటుంది. నాకు మాత్రం ఆ కథలో పాట కంటే ముందు అన్నం కనిపిస్తుంది. ఎవరి పిల్లవాడివి, ఎవరితో వచ్చావు అని ఆరా తీయకుండా ఒక తల్లి కడుపు నింపింది. పాట ఆ తర్వాత పుట్టింది. ఎక్కే దారిలోనే ఆకలిగొన్న పిల్లవాడి కథ దాచుకున్న కొండ ఇది. పిల్లల కోసం నడవాలనుకున్నవాళ్ళం ఇంకో కొండను ఎందుకు వెతుక్కుంటాం?

తిరుపతి చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళం కొందరం పెరటాసి నెలలో కాలినడకన తిరుమల ఎక్కుతాం. అమ్మానాన్నలు లేని పిల్లలు, ఉన్నా చదివించే స్తోమత లేని ఇళ్ళ పిల్లలు ఉండి చదువుకునే ఒక చిన్న హాస్టలు కోసం ఆ నడక. ఎక్కే ముందు ఊళ్ళో తిరిగి అడుగుతాం. అలిపిరి నుంచి 3,550 మెట్లు. మెట్టుకో రూపాయి మొక్కుకోండి, మీ పేరున మేం ఎక్కుతాం అంటాం.

ఈ అడగడం మేం కొత్తగా తెచ్చింది కాదు. వేంకటేశ్వరుణ్ణి ఇలవేల్పుగా కొలిచే ఇళ్ళలో ఇప్పటికీ ఒక మొక్కు ఉంది. పెరటాసి శనివారం తలంటుకుని, నొసట నామం పెట్టుకుని, నామాలు దిద్దిన చెంబు చేతబట్టి, గోవిందా అని పిలుస్తూ గడపగడపకూ వెళ్ళి భిక్ష అడుగుతారు. ఎకరాలున్న ఆసామీ అడుగుతాడు, కొత్తగా కాపురానికొచ్చిన కోడలూ అడుగుతుంది. చెంబులో పడిన బియ్యం వండి స్వామికి నైవేద్యం పెట్టి పదిమందికీ వడ్డిస్తారు, చిల్లర పసుపుగుడ్డలో ముడుపు కట్టి కొండకు చేరుస్తారు. ఏడాదికొక్కసారైనా ఇంకొకరి గడప ముందు చేయి చాచి నిలబడాలని నియమం పెట్టిన ఆ పెద్దవాళ్ళకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. ఇచ్చేటప్పుడు మనిషికి తన చేయి పైన ఉందన్న గర్వం ఎక్కడో మిగులుతుంది. అడిగేటప్పుడు అది పూర్తిగా కరిగిపోతుంది.

పైనున్న దేవుడు కూడా అప్పు అడిగినవాడే కదా. పద్మావతితో పెళ్ళికి కుబేరుడి దగ్గర తీసుకున్న సొమ్ముకు కలియుగమంతా వడ్డీ కడుతున్నాడని, అందుకే వడ్డికాసులవాడయ్యాడని మన నమ్మకం. అప్పున్న దేవుడికి ముడుపులిచ్చి బాకీ తీర్చడంలో సాయపడే జనం మనం. అటువంటి కొండ కింద నిలబడి పిల్లల కోసం జోలె పట్టడానికి సిగ్గెందుకు?

మా వీధి చివర టిఫిన్ బండి అమ్మ దోసె తిరగేస్తూ, "ఏందమ్మా, కొండకా? ఎవురి పిల్లోళ్ళకు?" అని అడిగింది. చెప్పాను. అట్లకాడ పక్కన పెట్టి కాసేపు లెక్క వేసుకుంది. "అన్నిటికీ నా వల్ల గాదు గానీ గాలిగోపురం దాకా మెట్లన్నీ నావి" అంది. మెట్లలో సగానికి పైగా అక్కడికే అయిపోతాయి, అందులో నిటారుగా ఎక్కాల్సినవి చాలావరకు అక్కడిదాకానే. కష్టమైన భాగం ఏరి తీసుకుంది ఆ తల్లి. ఆ మాట విన్న ఆటో అతను, "అక్కా, ఆణ్ణించి మోకాళ్ళ మెట్టు దాకా నాకు రాసుకో" అన్నాడు. పూలు కట్టే ఆమె ఏ రోజు అమ్మకం ఆ రోజు చూసుకుని, రోజుకిన్ని మెట్లని నెల పొడుగునా తెచ్చిచ్చింది. రిటైరైన హెడ్మాస్టరుగారు మాత్రం, "చిట్టచివరి మెట్టొక్కటి నాకుంచండి" అని, దానికి బదులుగా హాస్టలు పిల్లలందరికీ ఏడాదికి సరిపడా నోటు పుస్తకాలు పంపించారు. అలా కొండ మొత్తం ఊరికి పంచిపెట్టేశాం. ఇప్పుడు ఎక్కుతుంటే ఏ మెట్టు ఎవరిదో నాకు తెలుస్తూనే ఉంటుంది.

తెల్లవారుజామున అలిపిరి చూడాలి. పాదాల మండపంలో స్వామి పాదుకలు తలకెత్తుకుని జనం ప్రదక్షిణాలు చేస్తుంటారు. మాతో వచ్చిన హాస్టలు పిల్లలు ఆ బరువును రెండు చేతులా పట్టుకుని, మెడ నిటారుగా పెట్టి, తూలకుండా నడుస్తారు. తర్వాత అందరం చెప్పులు కిందే వదిలేస్తాం. ఊళ్ళో మే నెల ఎండకు కాళ్ళకు చెప్పుల్లేకపోతే అది లేమి. ఇక్కడ అదే నియమం. ఉన్నవాళ్ళూ లేనివాళ్ళూ ఒకే రాయి చల్లదనాన్ని తొక్కుతారు. ఉత్తకాళ్ళతో నడిచే అలవాటున్న పిల్లలు ఆ పొద్దు అందరికంటే ముందుంటారు. ఊరికే ముందుండటం కాదు, వెనక్కి తిరిగి మాకోసం చేయి అందిస్తారు.

కాస్త పైకెక్కగానే తలయేరు గుండు. మోకాళ్ళు నొప్పి లేకుండా మోసుకుపోవాలని తలా మోకాళ్ళూ ఆ బండకు ఆనించి మొక్కుతారు. ఎన్ని మోకాళ్ళు ఆనాయో, రాతికి గుంటలు పడ్డాయి. మా పిల్లలకు నొప్పులెక్కడివి! అయినా హాస్టల్లో వంట చేసే అవ్వ పేరు చెప్పుకుని, ఆమె మోకాళ్ళ కోసం వీళ్ళు మొక్కుతారు. ఎవరూ నేర్పలేదు ఆ మాట.

ఈ దారిలో నన్ను నిలువునా నిలబెట్టేసేది మెట్ల పూజ. ఒక్కో మెట్టుకూ పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, వంగి లేస్తూ వంగి లేస్తూ ఎక్కే ఆడవాళ్ళు. కొందరు మెట్టుమెట్టుకూ కర్పూరం వెలిగిస్తారు. వేళ్ళు పసుపుబారి, నడుము పట్టేసి, చీరకుచ్చిళ్ళు ఎర్రబడి, అయినా మెట్టు వదలరు. ఎందుకమ్మా అని పలకరిస్తే కొడుక్కి ఆపరేషనంటుంది ఒకామె. కూతురికి కాన్పంటుంది ఇంకొకామె. మనవడికి ఇంకా మాట రాలేదంటుంది ఒక ముసలమ్మ. నాకోసమని చెప్పిన మనిషి నాకు ఇంతవరకూ తారసపడలేదు. పైకెళ్ళి బిడ్డ ఎత్తు బెల్లమో చిల్లరో తులాభారం తూచే తల్లులూ, పసివాడికి జబ్బు నయమైతే తన తలనీలాలిస్తానని మొక్కుకున్న తండ్రులూ ఈ మెట్ల మీదే పోతుంటారు. ఇంకొకరి కోసం ఎక్కడం ఈ కొండకు తరతరాల వాడుక. మేం చేసిందల్లా ఆ మొక్కును మన కడుపున పుట్టని పిల్లలకు కూడా చాపడమే. ఆ పిల్లల పేరున పసుపు రాసే తల్లి ఎక్కడుంది? ఆ లోటు మెట్టుకో రూపాయి పూడుస్తుందని నేను అనను. కానీ ఆ పొద్దు వాళ్ళ పేర్లు కూడా ఎవరో ఒకరి నోట మొక్కుగా కొండెక్కుతాయి.

వెలుగొచ్చాక కొండ తన ఒళ్ళు చూపిస్తుంది. శేషాచలం కొండలను 2010లో జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. ప్రపంచంలో ఎర్రచందనం సహజంగా పెరిగే అడవి ఈ చుట్టుపక్కలే. ఇంకా ఆశ్చర్యపడాలంటే రాళ్ళను చూడాలి. ఈ కొండల మీదున్న క్వార్ట్‌జైట్ రాయి ఒకప్పుడు నీటి అడుగున పేరుకున్న ఇసుక. కొన్ని బండల మీద అప్పటి అలల గీతలు నేటికీ చారికలు చారికలుగా కనిపిస్తాయి. ఆ రాతికీ, దాని కింద పరుచుకున్న పాత రాతికీ మధ్య కొన్ని పదుల కోట్ల ఏళ్ళ ఎడం ఉందని భూగర్భ శాస్త్రవేత్తలు చెబుతారు. ఘాట్ రోడ్డు పక్కన ఆ రెండూ కలిసే చోటును జాతీయ భూగర్భ స్మారక చిహ్నంగా గుర్తించారు. ఆ రెండు రాళ్ళ మధ్య అంత కాలం గడిచిపోయిందని చెబితే ఒక పిల్లవాడు వంగి బండ మీద అరచెయ్యి ఆనించి, చాలాసేపు తియ్యలేదు.

గాలిగోపురం దగ్గరికి చేరేసరికి అందరి చొక్కాలూ తడిసి ముద్దవుతాయి. అక్కడికి టిఫిన్ బండి అమ్మ మెట్లు అయిపోతాయి. ఆమె పేరున ఒక గోవిందా కొట్టి, కూర్చుని మరమరాలు పంచుకుంటాం. అప్పుడు మాలావత్ పూర్ణ కథ చెప్పాల్సిందే, పిల్లలు వదలరు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం, అమ్మానాన్నలు వ్యవసాయ కూలీలు, చదువు సాంఘిక సంక్షేమ గురుకులంలో. భువనగిరి గుట్ట మీద బండలెక్కడం నేర్చుకుని, డార్జిలింగ్‌లో శిక్షణ పొంది, పద్నాలుగేళ్ళు నిండకుండానే 2014 మే 25న ఎవరెస్టు శిఖరం మీద నిలబడింది. ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఇంకో గురుకులం విద్యార్థి సాధనపల్లి ఆనంద్ కుమార్ కూడా ఆ యాత్రలో శిఖరం ఎక్కాడు. తిరుమల ఎత్తు దాదాపు 850 మీటర్లు, ఎవరెస్టు 8,848. "అంటే పది తిరుమలలు ఒకదానిమీదొకటి పెట్టినట్టా?" అంది ఒకమ్మాయి. అంటూనే తల వెనక్కి వాల్చి ఆకాశంలోకి ఆ పదీ పేర్చి చూసుకుంది.

ఈ కథ నేను పనిగట్టుకుని చెబుతాను. పేద పిల్లల కోసం డబ్బు అడిగేవాళ్ళు చాలాసార్లు వాళ్ళ కన్నీళ్ళు చూపించి అడుగుతారు. అది నాకు నచ్చదు. పూర్ణ కాళ్ళలో బలం ముందే ఉంది. ఆమెకు కావలసి వచ్చినవి ఒక బడి, రెండు పూటలా తిండి, ఎక్కడం నేర్పే గురువు, నువ్వు ఎక్కగలవని నమ్మిన పెద్దమనిషి. మన రూపాయి ఆ నాలుగింటిలో దేనికైనా చేరితే చాలు. ఎక్కడం వాళ్ళు చూసుకుంటారు.

గాలిగోపురం దాటాక దారి చదును, అడవి చిక్కన. 2023 ఆగస్టులో ఈ నడకదారిలోనే ఒక చిన్నారిని చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ ఏడు నుంచి చిన్నపిల్లల్ని మధ్యాహ్నం దాటాక ఈ దారిన పంపకుండా ఆంక్షలు పెట్టారు, నడిచేవాళ్ళకు చేతికర్రలు ఇచ్చారు. మేం పొద్దున్నే ఎక్కేది అందుకే. ఆ మేరలో పిల్లల్ని నడుమ ఉంచుకుని పెద్దలం చుట్టూ నడుస్తాం. మాకు తెలియని కుటుంబాలు కూడా వచ్చి ఆ వలయంలో కలుస్తాయి. ఎవరి బిడ్డ చేయి ఎవరి చేతిలో ఉందో చూసుకోరు. గోవింద నామాలు మొదలవుతాయి. వాటిలో అనాథలను కాచేవాడన్న నామం వచ్చినప్పుడు మా పిల్లలు మిగతావాటికి మల్లేనే గొంతెత్తి పలుకుతారు. నాకు మాత్రం గొంతు పూడుకుపోతుంది.

మోకాళ్ళ మెట్టు దగ్గర మెట్లు ఎత్తు పెరుగుతాయి. రామానుజులవారు ఈ కొండను పాదాలతో తొక్కలేక మోకాళ్ళతో ఎక్కారని ప్రతీతి. ఇప్పటికీ కొందరు ఆ కాసిన్ని మెట్లూ మోకాళ్ళ మీదే ఎక్కుతారు. అన్నమయ్యను అమ్మ లేపిన తావు ఇక్కడే కదా అని మేం ఒక్కసారి ఆగి, పిల్లలకు బెల్లం ముక్కలు పంచుతాం. ఆటో అతని వాటా ఇక్కడితో సరి. మిగిలినవి పూలామెవి, చిట్టచివరిదొక్కటి హెడ్మాస్టరుగారిది. ఆ మెట్టెక్కేది హాస్టల్లో అందరికంటే చిన్నవాడు. మిగతావాళ్ళు వాడికోసం దారి వదులుతారు.

దర్శనమయ్యాక అన్నప్రసాదం. 1985లో మొదలైన నిత్యాన్నదానం ఇప్పుడు తరిగొండ వెంగమాంబ పేరున్న పెద్ద సత్రంలో జరుగుతోంది. చిన్నవయసులోనే భర్తను పోగొట్టుకుని, లోకం పెట్టిన ఆంక్షలను లెక్కచేయక కావ్యాలల్లుతూ ఈ కొండ మీదే బతుకు గడిపిన తల్లి ఆమె. అన్నం పెట్టే ఇంటికి అంతకంటే మంచి పేరు నాకు తోచదు. వేలమంది ఒకేసారి బంతిలో కూర్చుంటారు. వడ్డించేవాళ్ళు ఎవరు, ఏ ఊరు అని అడగరు. మా పిల్లల్లో ఒకడు మారు అడగడానికి మొహమాటపడుతుంటే, వడ్డించే ఆయన చూసి గరిటెడు సాంబారు ఇంకా పోసి, "తిను నాయనా, నిదానంగా తిను" అని ముందుకెళ్ళాడు.

ఇక లెక్క మిగిలింది. మెట్లు లెక్కపెట్టే పని పిల్లలు తమ మీద వేసుకున్నారు. ఒకడికి 3,412 వచ్చాయి. గాలిగోపురం దగ్గర మరమరాలు తింటూ మరిచిపోయి మళ్ళీ ఎత్తుకున్నాడట. పది తిరుమలలు పేర్చిన అమ్మాయికి 3,608. వేళ్ళు మడిచి, బొగ్గుతో పుస్తకం అట్ట మీద గీతలు గీసి మరీ లెక్కపెట్టింది, ఒక్కటి కూడా తగ్గించనంటుంది. రుజువు కావాలంటే అలిపిరి దాకా దిగి మళ్ళీ ఎక్కుతానంది. మా పద్దు పుస్తకంలో ఏది రాయాలో తెలియక సత్రం బయట నిలబడే టిఫిన్ బండి అమ్మకు ఫోన్ చేశాం. అటునుంచి పెనం మీద దోసె చుయ్యిమంటోంది. విషయమంతా విని, "ఆ పాప చెప్పిందే రాసుకోండమ్మా. ఎక్కువ తేలిన మెట్లు కూడా నా కాతాలోనే ఏసుకోండి" అంది.