కారు ఎవరిది? చూపు ఎవరిది?

మహబూబ్‌నగర్‌కు ఆ పేరు 1890లో వచ్చింది. అంతకు ముందు అది పాలమూరు. మన పెద్దవాళ్ల నోట ఇప్పటికీ ఆ మాటే వస్తుంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు ఊరికి పెట్టారు. ఆ ప్రభువు తన చివరి రోజుల్లో లండన్‌కు ఒక కారు ఆర్డరు పంపాడు. రోల్స్ రాయిస్ వారి సిల్వర్ ఘోస్ట్ అది. దాని మీద బాడీ కట్టింది బార్కర్ అనే కంపెనీ. పసుపు రంగు వేశారు. వెనక సీటును సింహాసనంలాగా ఎత్తుగా అమర్చారు. అందుకే దాన్ని థ్రోన్ కారు అంటారు. 1911 ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. కారు ఆయన కుమారుడు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ వశమైంది. ఇప్పుడది పట్నంలో, చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. టికెట్టు కొని ఎవరైనా చూడవచ్చు.

సిల్వర్ ఘోస్ట్ కారుకు లోకంలో అంత పేరు దేని వల్ల వచ్చిందో తెలిస్తే ఈ కథలోని వింత అర్థమవుతుంది. 1907లో బ్రిటన్‌లో ఆ కారును పరీక్షకు పెట్టారు. అది రాత్రీ పగలూ తిరిగి, మధ్యలో చెడిపోయి ఆగకుండా 14,371 మైళ్లు నడిచింది. ఆ రోజుల్లో మోటారు కారంటే పది మైళ్లకు ఒకసారి దిగి బాగుచేసుకునే వాహనం. అలాంటి కాలంలో ఇది చప్పుడు లేకుండా, అలసట లేకుండా నడిచింది. మరి నిజాం గారి కారు ఎంత నడిచింది? దశాబ్దాల తరబడి ఆ వంశం దగ్గరే ఉన్నా మీటరు మీద 400 మైళ్లు కూడా నిండలేదు. నల్లగొండ నుంచి హైదరాబాదుకు మూడుసార్లు పోయివస్తే ఇంచుమించు ఆ లెక్క సరిపోతుంది.

1937లో అమెరికాలోని టైమ్ పత్రిక ముఖచిత్రం మీద ఏడవ నిజాం బొమ్మ వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడు ఈయనే అని రాసింది. అదే మనిషి పాత టోపీ, మాసిన షేర్వాణీలతో కాలం గడిపాడని కూడా అందరూ చెప్పుకుంటారు. ఇక్కడ నాకు అరిస్టాటిల్ గుర్తుకొస్తాడు. గురుమఠంలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో అది పరీక్ష కోసం బట్టీ పట్టిన విషయం; ఎండకూ వానకూ తిరిగిన తర్వాతే దానికి రుచి తెలిసింది. సంపద అనేది వస్తువును కలిగి ఉండటంలో కాక వాడుకోవడంలో ఉందని ఆయన భావం. ఆ లెక్కన థ్రోన్ కారుకు యజమాని ఎవరు? కాగితం మీద నిజామే. కానీ వారం వారం దాని దుమ్ము తుడిచి, ఇంజను ఎక్కడ బిగుసుకుపోతుందో చెవితో పసిగట్టిన పనివాడు ఒకడు ఉండి ఉంటాడు కదా! కారును ఎక్కువ అనుభవించింది అతడే అంటే తప్పా?

దానికి పెట్టిన సొమ్ము ఎవరిదన్నది ఇంకో ప్రశ్న. హైదరాబాదు సంస్థానం నేలలో ఇంచుమించు పదో వంతు సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు శిస్తు కట్టే నేల. మిగతా చోట్ల జాగీర్దార్లు, దేశ్‌ముఖులు ఉండేవారు. వెట్టి అంటే ఏమిటో నల్లగొండ జిల్లా వాళ్లకు నేను కొత్తగా చెప్పనక్కరలేదు. 1946 నుంచి 1951 దాకా ఇక్కడ రైతులు ఎందుకు తిరగబడ్డారో మీ ఇళ్లలోని ముసలివాళ్లు చెప్పే ఉంటారు. ఆ సంగతి తేలికే. దోచిన సొమ్ముతో కొన్న వస్తువు తప్పని చెప్పడానికి తత్వశాస్త్రం అక్కరలేదు. కష్టమైన ప్రశ్న అది కాదు. ఎవరినీ దోచకుండా కొన్నదైతే?

ఈ ప్రశ్న నన్ను అడిగింది మన విచారణల్లోని ఒక యువకుడు. షాద్‌నగర్ వైపు హైవే పక్కన వాళ్లకున్న కొద్దిపాటి భూమికి మంచి ధర వచ్చింది. అప్పులు తీర్చారు, ఇల్లు కట్టారు, చెల్లెలి పెళ్లి చేశారు. ఉద్యోగంలో తాను సంపాదించినదానికి మిగిలింది కలిపి అతడు ఒక కారు కొన్నాడు. జర్మనీలో తయారైనది, సెకండ్ హ్యాండ్, రెండే సీట్లు, బటన్ నొక్కితే గుడ్డ టాపు వెనక్కి మడుచుకుపోతుంది. “ఫాదర్, నా పైసలు, నా కష్టం. ఎవరి నోరూ కొట్టలేదు. ఇందులో తప్పేమున్నది?” అన్నాడు. వాళ్లమ్మ అంతకు ముందే వచ్చి, “వానికి మీరన్నా చెప్పుండ్రి ఫాదర్, అయిదుగురం ఉన్న ఇంటికి రెండు సీట్ల బండి ఏందో!” అని మొర పెట్టుకుని వెళ్లింది.

తప్పు అని వెంటనే అనలేకపోయాను. ఎందుకంటే అతడు ఆ కారును చూసుకునే తీరు చూశాను. పైకప్పు లేని కారును సాకడం ఎంత పని! మన ఎండకు గుడ్డ టాపు వెలిసిపోతుంది, మడత పడే చోట చిట్లుతుంది. చుట్టూ ఉండే రబ్బరు ఎండి గట్టిపడితే మొదటి వానకే నీళ్లు లోపలికి దిగుతాయి. టాపు మీది నీరు పోయే సన్న గొట్టాలు ఆకులతో, దుమ్ముతో మూసుకుపోతే ఆ నీళ్లు సీట్ల కిందకు చేరి తుప్పు పట్టిస్తాయి. టాపును ఎత్తి దించే పంపులో నూనె చూసుకోవాలి. కప్పు లేని కారుకు బలమంతా కింది భాగం నుంచే రావాలి గనక అడుగున అదనంగా ఇనుము బిగిస్తారు. అది నేలకు దగ్గరగా ఉంటుంది, మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్లు దానికి గండాలు. పోనీ భద్రంగా షెడ్డులో దాచుదామా అంటే అదీ కుదరదు. బ్యాటరీ దిగిపోతుంది, ఒకే చోట నిలిచిన టైర్లు ఒక పక్క నొక్కుకుపోతాయి, ట్యాంకులో పెట్రోలు పాతబడి చెడిపోతుంది. వాడకపోయినా చెడిపోయే వస్తువు అది. అరిస్టాటిల్ చెప్పిన మాటను కారే చెబుతున్నట్టు లేదూ?

ఆ యువకుడు ఇవన్నీ తనే నేర్చుకున్నాడు. జడ్చర్లలో ఒక మెకానిక్ దగ్గర ఆదివారం మధ్యాహ్నాలు కూర్చుంటాడు. పూజకు వచ్చిన తర్వాతే, అది వేరే సంగతి! చేతులకు గ్రీజు, గోళ్లలో నలుపు. ఒక వస్తువును అంత శ్రద్ధగా ఎరిగి ఉండటంలో మంచి ఉంది. దాన్ని పాపం ఖాతాలో రాయడానికి నా చెయ్యి ఆడలేదు.

పునీత తోమాసు అక్వీనాసు కూడా ఇంత మాత్రానికి తప్పు పట్టడు. సొంత ఆస్తి ఉండటం, దాన్ని చూసుకోవడం మనిషికి తగినదే అంటాడు. వాడకం దగ్గరికి వచ్చేసరికి మాత్రం దాన్ని అందరిదిగా భావించి, అవసరమైనవాడితో పంచుకునేందుకు సిద్ధంగా ఉండమంటాడు. అంతేకాదు, గొప్ప పనికి గొప్పగా ఖర్చు పెట్టడాన్ని ఆయన ఒక సుగుణంగా లెక్కిస్తాడు. ఇక్కడ మనలాంటి బోధకులు తొందరపడే ప్రమాదం ఉంది. ఖరీదైనది కనిపించగానే “దీన్నమ్మి పేదలకు ఇవ్వచ్చు కదా” అనడం మనకు అలవాటు. బెతానియాలో పరిమళ తైలం పోసిన రోజున ఆ మాట అన్నది యూదా అని యోహాను సువార్త చెబుతుంది. అయితే ఆ తైలం సీసాలో మూసిపెట్టిన తైలం కాదని కూడా గమనించాలి. అది ఒలికిపోయింది. ఆ ఇంట్లో ఉన్న ప్రతివాడికీ వాసన అందింది.

కాబట్టి ధర దగ్గర ఆగకూడదు. ఇంకో మెట్టు దిగి చూడాలి. ఆ యువకుణ్ణి నేను ఒక్కటే అడిగాను. “మన్ననూరు దాటాక నల్లమలలో శ్రీశైలం రోడ్డు ఉంది కదా. మనుషులే ఎదురుపడని తెల్లవారుజామున, టాపు తీసి, ఒక్కడివే ఆ మలుపుల్లో నడిపినావనుకో. అప్పుడు నీకు ఈ కారు మీద ఎంత ఇష్టం మిగులుతుంది?” చాలాసేపు ఆలోచించాడు. “సగం కన్నా ఎక్కువే ఫాదర్” అన్నాడు. ఆ జవాబులోని నిజాయితీ నాకు నచ్చింది. గాలి, చెట్ల వాసన, మలుపులో బండి చేతికి లొంగడం, ఈ సంతోషానికి మరొకడితో పని లేదు. కానీ ఆ మిగతా సగం? దానికి రోడ్డు పక్కన మనుషులు కావాలి. అమెరికాలో వెబ్లెన్ అనే ఆర్థికవేత్త 1899లోనే రాశాడు, చాలా ఖర్చులు వస్తువు కోసం కావు, ఎదుటివాడి కళ్ల కోసమని. ఆ కళ్లు లేకపోతే ఆ సగం ఆనందం పుట్టదు. అంటే ఆ ఆనందంలో చూసేవాడి పెట్టుబడి ఉంది. అతని చూపును మనం తీసుకుంటున్నాం. బదులుగా అతనికి ఏమిస్తున్నాం?

ఈ మధ్య మన లగ్గాల్లో బరాత్‌కు ఓపెన్ టాప్ కారు కిరాయికి తేవడం మొదలైంది. ఒక్క సాయంత్రానికి వేల రూపాయలు. పెళ్లికొడుకు వెనక అంచు మీద కూర్చుని, డీజే ముందు నడుస్తుంటే, ఊరంతా నిలబడి చూస్తుంది. చూసినవాళ్లలో మరో ఆడపిల్ల తండ్రి ఉంటాడు, పుణె, ముంబయిలో మట్టిపని చేసి వచ్చిన పాలమూరు కూలీ. వచ్చే ఏడు తన అల్లుడూ అడుగుతాడని అతనికి అక్కడే తెలిసిపోతుంది. ఆ రాత్రి అతడు ఇంటికి మోసుకుపోయేది రాబోయే అప్పును. అదే మనిషి తన పిల్లలతో చౌమహల్లాకు వెళ్లి పసుపు కారు ముందు నిలబడ్డాడనుకోండి. అది ఎంత ఖరీదైనదైనా అతనికి కుచ్చుటోపీ పెట్టదు. పిల్లలు నోరు తెరిచి చూస్తారు, చక్రాలు లెక్కపెడతారు, ఇంటికి వెళ్లి బొమ్మ గీస్తారు. కారు అదే జాతిది, చూపూ అదే. ఫలితం మాత్రం ఎంత దూరం!

చౌమహల్లా నుంచి కాస్త దూరంలో, జూ పార్కు దగ్గర సుధా కార్స్ మ్యూజియం ఉంది. కె. సుధాకర్ అనే ఆయన క్రికెట్ బ్యాటు, బూటు, పుస్తకం లాంటి ఆకారాల్లో నడిచే కార్లు తయారుచేసి అక్కడ పెట్టాడు. చాలావాటికి పాత ఇనుపసామానే ముడిసరుకు. ఆయనా చూపిస్తున్నాడు, టికెట్టూ తీసుకుంటున్నాడు. కానీ అక్కడి నుంచి బయటికొచ్చే పిల్లవాడు “మా నాన్న దగ్గర ఇది లేదు” అనడు, “నేనూ చేస్తా” అంటాడు.

టాపు లేని కార్ల సంగతి వచ్చింది కాబట్టి మన శ్రీసభ చరిత్రలోని ఒక కారు గురించి చెప్పకపోతే వెలితి. 1964 డిసెంబరులో అంతర్జాతీయ దివ్యసత్ప్రసాద మహాసభకు పునీత ఆరవ పౌలు పోపుగారు బొంబాయి వచ్చారు. ఊరేగింపు కోసం అమెరికా వాళ్లు కానుకగా పంపిన తెల్లని లింకన్ కారులో ఆయన లక్షల జనం మధ్య తిరిగారు. వెళ్లిపోయేటప్పుడు దాన్ని మదర్ తెరెసాకు ఇచ్చారు. ఆ తల్లి ఒక్క రోజు కూడా అందులో తిరగలేదు. లాటరీ టికెట్లు వేసి దాన్ని లక్కీ డ్రాలో పెట్టింది, వచ్చిన సొమ్ముతో కుష్ఠురోగుల కోసం శాంతినగర్ పనులు సాగాయి. 2017 నవంబరులో ఫ్రాన్సిస్ పోపుగారికి లాంబోర్గిని కంపెనీ ఒక తెల్ల స్పోర్ట్స్ కారు ఇచ్చింది. ఆయన దాని మీద సంతకం చేసి వేలానికి పంపారు. మరుసటి ఏడు అది ఏడు లక్షల యూరోలకు పైగా పలికింది. అందులో కొంత ఇరాక్‌లోని నినెవె మైదానాల్లో కూలిన ఇళ్లు తిరిగి కట్టడానికి చేరింది. అదే పోపుగారు 2013లో, కొత్త మోడల్ కారులో తిరిగే గురువును, కన్యాస్త్రీని చూస్తే తనకు బాధ కలుగుతుందని అన్నారు. ఆ మాట గృహస్థులకు కాదు, మాకు. కొందరు గురువుల బండ్లను చూసినప్పుడు అది నాకు గుర్తుకొస్తూ ఉంటుంది.

ఈ ఉదాహరణలు ఆ యువకుడికి సరిపోతాయా అంటే పూర్తిగా సరిపోవు. అతడు పోపుగారు కాడు, మదర్ తెరెసా కాడు, ఆ కారును లాటరీ వేయమని నేను అడగను. కానీ తోమాసు అక్వీనాసు చెప్పిన ‘పంచుకోవడం’ అతని చేతికి అందని వస్తువు కాదు. జడ్చర్ల మెకానిక్ దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రవాళ్లు అంతకు ముందు అలాంటి ఇంజను చూసి ఎరగరు. ఇతడు కారు పుస్తకం చదివి చెబితే, వాళ్లు విప్పి బిగించడం నేర్చుకుంటున్నారు. లగ్గానికి కిరాయికి అడిగితే ఇవ్వడం లేదట. ఎందుకని అడిగితే, “టాపు పాడైతది ఫాదర్” అన్నాడు. కారణం అదే అయితే నేను సంతోషించాల్సిందేమీ లేదు, కాని అంతకన్నా తవ్వలేదు.

అమ్మను ఎక్కించినావా అని అడిగాను. “ఒక్కసారి ఎక్కింది ఫాదర్. కొంగు ఆగుతలేదు, టాపు మూయ్‌రా అన్నది. మూసి నడిపిన. భువనగిరి దాకా నిద్రపోయింది.”