ఇంగ్లీషు అక్కరకు రాని చోట

పైచదువులకు విదేశం వెళ్ళడమంటే మన ఇళ్ళలో అర్థం ఒక్కటే. అమెరికా. అక్కడ వీసా దొరక్కపోతే బ్రిటనో, ఆస్ట్రేలియానో, ఐర్లండో. ఈ దేశాలన్నిటినీ కలిపేది ఇంగ్లీషేనని ఎవరూ విడిగా చెప్పరు, చెప్పాల్సిన అవసరమూ రాదు. జీఆర్‌ఈ, ఐఈఎల్‌టీఎస్, కన్సల్టెన్సీ, బ్యాంకు రుణం, చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు... దారంతా ముందే వేసిపెట్టి ఉంటుంది. నేను స్పెయిన్ వెళ్తున్నానని చెప్పినప్పుడు మా మేనమామ, "అక్కడ ఇంగ్లీషు నడవదటగా అమ్మా? మరి ఇన్నాళ్ళు కష్టపడి నేర్చుకున్నదంతా ఏం కాను?" అన్నాడు. వెటకారంగా అన్న మాట కాదది. మా ఇంట్లో మొదట ఇంగ్లీషు నోరు తిరిగిన పిల్లని నేను. ఆయన బెంగ ఆయనది. కానీ ఆ ప్రశ్న ఆయన అనుకున్నదానికన్నా చాలా లోతైనదని నాకు సలమాంకా వెళ్ళాక తెలిసింది.

సలమాంకా మాడ్రిడ్‌కి పడమటి వైపు, తోర్మెస్ నది ఒడ్డున ఉన్న ఊరు. అక్కడి విశ్వవిద్యాలయాన్ని లియోన్ రాజు తొమ్మిదో అల్ఫోన్సో 1218లో స్థాపించాడు. స్పెయిన్‌లో నేటికీ నడుస్తున్నవాటిలో అదే అన్నిటికన్నా పాతది. దగ్గర్లోని విల్లమయోర్ గనుల రాయితో కట్టిన గోడలు సాయంత్రం పసుపు రాసినట్టు మెరుస్తాయి. డాక్టరేట్ పుచ్చుకున్నవాళ్ళ పేర్లు ఎర్ర రంగుతో ఆ గోడల మీదే రాసి ఉంటాయి. పూర్వం ఆ రంగులో ఎద్దు రక్తం కలిపేవారట. పాత భవనం ముఖద్వారం మీద చెక్కడాల మధ్య ఒక పుర్రె, ఆ పుర్రె మీద ఒక కప్ప ఉన్నాయి. ఆ కప్పను ఎవరి సాయమూ లేకుండా కనిపెట్టిన విద్యార్థి పరీక్ష గట్టెక్కుతాడని నమ్మకం. ఇప్పుడు అక్కడ మెడలు పైకెత్తి చూసే జనంలో సగం మంది కప్ప ఎక్కడుందో ఫోన్లో ముందే చూసుకుని వస్తారు. పరీక్షల సంగతి కూడా అంతేనేమో, పోనివ్వండి.

నేను వెళ్ళింది లాటిన్ అమెరికా అధ్యయనాల్లో మాస్టర్స్‌కి. స్పానిష్ హైదరాబాద్‌లోనే నేర్చుకున్నాను, సర్టిఫికెట్ కూడా ఉంది. తరగతిలో కూర్చున్నాక ఆ సర్టిఫికెట్ విలువ తెలిసింది. కొలంబియా, మెక్సికో, పెరూ వాళ్ళు ఒకరి మాట మీద ఒకరు పడి వాదించుకుంటుంటే, నేను మొదటి వాక్యం అర్థం చేసుకునేసరికి చర్చ మూడు దేశాలు దాటిపోయేది. మనసులో వాక్యం కట్టుకుని, క్రియ సరిచూసుకుని, చెయ్యెత్తేలోపు ఆ అంశం ముగిసేది. నోరు విప్పకుండా ఇంటికి వెళ్ళిన రోజులు చాలా ఉన్నాయి.

నాతో పాటు ఢిల్లీ నుంచి వచ్చిన ఒక అబ్బాయి ఉండేవాడు. పేరున్న బడిలో చదివాడు, వక్తృత్వంలో కప్పులు గెలిచాడు. అతని ఇంగ్లీషు వింటే నాకు లోపల ఎప్పటిదో వణుకు పుట్టేది. ఒకరోజు ఆవేశం ఆపుకోలేక అతను ఇంగ్లీషులోకి దిగాడు. ప్రొఫెసర్ ఆసాంతం మర్యాదగా విని, "బాగుంది, ఇప్పుడు ఇదే స్పానిష్‌లో చెప్పు" అంది. ఆవిడకు ఇంగ్లీషు రాక కాదు, ఆవిడ వ్యాసాలు చాలావరకు ఆ భాషలోనే ఉన్నాయి. ఆ తరగతి భాష మాత్రం అది కాదు. అతనూ నాలాగే మాట తడుముకుంటూ మొదలుపెట్టాడు. అతని మీద నాకు జాలీ కలగలేదు, సంతోషమూ కలగలేదు. మా ఇద్దరి మధ్యా పుట్టినప్పటి నుంచీ ఉన్న ఎత్తుపల్లం ఒక్క మాటతో చదునై పోవడం చూసి విస్తుపోయాను, అంతే.

ఇది అర్థం కావాలంటే నా మౌనాలు రెండిటి గురించి చెప్పాలి. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి ఇంటర్‌కి హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ కాలేజీలో చేరినప్పుడు కూడా నేను ఇలాగే నోరు విప్పేదాన్ని కాను. జవాబు తెలిసేది, చెప్పే భాష తెలిసేది కాదు. ఆ మౌనాన్ని అందరూ ఒకేలా చదివారు: ఈ పిల్లకు ఏమీ రాదు. లెక్చరర్ చూపులో అది కనిపించేది, కొన్నాళ్ళకు నేనూ నమ్మాను. సలమాంకాలో నా మౌనం అచ్చం అలాంటిదే, ఇంకా ఎక్కువ కూడా. కానీ అక్కడ దాన్ని చూసి, ఈ అమ్మాయి దూరం నుంచి వచ్చింది, భాష కుదురుకోవాలి అనుకున్నారు. ఎవరూ నా బుద్ధిని శంకించలేదు. మనిషి మారలేదు, మౌనమూ మారలేదు. చదివేవాళ్ళు మారారు.

దీన్ని బట్టి పరాయి దేశం మంచిదనీ, మనది చెడ్డదనీ తేల్చుకుంటే తప్పు. ఆ దయ విదేశీ విద్యార్థి అనే హోదాకు దక్కింది. పరాయివాడికి భాష రాకపోవడం సహజం అనిపిస్తుంది. సొంత దేశంలో, సొంత ఊరికి నాలుగు గంటల దూరంలో, నాకు మాత్రం పరాయిదాన్నయ్యే హక్కు లేకపోయింది. మన తరగతి గదుల్లో ప్రతిభ అని మనం కొలిచేదాంట్లో ఇంగ్లీషు తీసేస్తే ఎంత మిగులుతుందో ఎవరూ తూచి చూడలేదు. తూచాలంటే ఇంగ్లీషుకు చెల్లుబాటు లేని గది కావాలి. నాకు అలాంటి గది సలమాంకాలో దొరికింది.

ఆ విశ్వవిద్యాలయం ఈ విషయంలో అమాయకురాలేమీ కాదు. వందల ఏళ్ళపాటు అక్కడ పాఠం లాటిన్‌లోనే చెప్పాలన్నది నియమం. ఇంట్లో, వీధిలో మాట్లాడే కాస్తీలియన్‌కు, అంటే నేటి స్పానిష్‌కు, గదిలో చోటు లేదు. 16వ శతాబ్దపు తరగతి గది ఒకటి ఇప్పటికీ అలాగే ఉంచారు. సరిగా చెక్కని దూలాలే బెంచీలు, ఎదురుగా ఎత్తు మీద అయ్యవారి పీఠం. అక్కడ పాఠం చెప్పిన ఫ్రాయ్ లూయిస్ దె లియోన్‌ను 1572లో మత విచారణ న్యాయస్థానం వయ్యదొలీద్ చెరసాలలో పెట్టింది. వుల్గేట్ అనే లాటిన్ బైబిల్ కన్నా హీబ్రూ మూలానికి ఎక్కువ విలువ ఇచ్చాడనీ, పరమగీతాన్ని జనం భాషలోకి తెచ్చాడనీ నేరాలు మోపారు. 1576 డిసెంబరులో వదిలారు. తిరిగొచ్చి, నిన్న చెప్పుకున్నట్టుగా అంటూ పాఠం అందుకున్నాడని కథ చెబుతారు గానీ దానికి గట్టి ఆధారం లేదు. జనం భాషలో రాయడమూ ఒక నేరమై ఒక పండితుడు నాలుగేళ్ళకు పైగా చీకటి గదిలో ఉన్నాడన్నదానికి మాత్రం రికార్డులు ఉన్నాయి. నాకు కథ కన్నా అదే పెద్దది.

జనం భాషకు గౌరవం వచ్చిన దారి కూడా అంత శుభ్రమైనది కాదు. ఆంతోనియో దె నెబ్రిహా ఇటలీలో బొలోన్యా వెళ్ళి చదువుకుని వచ్చి సలమాంకాలో పాఠం చెప్పాడు. అంటే ఆయనా ఫారిన్ రిటర్న్‌డే. కాస్తీలియన్‌కు తొలి వ్యాకరణం రాసి 1492లో, కొలంబస్ ఓడలు సముద్రం మీద ఉండగానే, సలమాంకాలో అచ్చు వేయించి ఇసబెల్ రాణికి అంకితం ఇచ్చాడు. మనకు వచ్చిన భాషకు వ్యాకరణం ఎందుకని రాణి అడిగిందట. జయించిన జాతులకు మన చట్టాలతో పాటు మన భాషా నేర్పాలి కదా, అందుకు పనికొస్తుందని పక్కనున్న బిషప్ జవాబు చెప్పాడని నెబ్రిహాయే తన ముందుమాటలో రాసుకున్నాడు. లాటిన్ కింద నలిగిన భాష, తల ఎత్తుకున్న ఏడాదే ఇంకొకరి నెత్తిన ఎక్కడానికి సిద్ధమైంది.

ఆ ఇంకొకరు నా పక్క బెంచీలోనే ఉండేది. పెరూలో ఆయాకుచో ప్రాంతపు అమ్మాయి. వాళ్ళ అమ్మమ్మ భాష కెచువా. అమ్మకు అర్థమవుతుంది, మాట్లాడదు. ఈ అమ్మాయికి తిట్లూ, తిండి పేర్లూ వచ్చు. బడిలో పిల్లలు నవ్వుతారని ఇంట్లో నేర్పలేదట. చిత్రం ఏమిటంటే, స్పానిష్ తప్ప మరో భాష రాని ఆ అమ్మాయి ఉచ్చారణను కూడా సలమాంకా అంగళ్ళలో కొందరు సరిదిద్దేవాళ్ళు. నాకు చూపిన ఓపిక ఆమెకు చూపలేదు. ఆమె పరాయిది కాదుగా మరి.

పెరూ రాజధాని లిమాలోని సాన్ మార్కోస్ విశ్వవిద్యాలయం 1551లో, సలమాంకా నమూనాగా పుట్టింది. అక్కడ 16వ శతాబ్దంలోనే కెచువాకు పీఠం ఉండేది, ప్రధానంగా మత ప్రచారకుల కోసం. స్పెయిన్ పాలన మీద తూపాక్ అమారు చేసిన తిరుగుబాటును అణిచాక ఆ పీఠాన్నీ ఎత్తేశారు. కెచువా పెరూలో అధికార భాష కావడానికి 1975 దాకా పట్టింది. ఈ సంగతులు ఆ అమ్మాయి నాకు ప్లాసా మయోర్‌లో గడియారం కింద నిలబడి చెప్పింది. సలమాంకాలో ఎవరిని కలవాలన్నా ఆ గడియారం కిందే. వింటూ నేను మా అన్నయ్య కొడుకును తలుచుకున్నాను. వాడు తెలుగు మాట్లాడతాడు, చదవలేడు. మా అమ్మ ఉత్తరం రాస్తే వాడికి ఇంకొకరు చదివి పెట్టాలి. బడిలో నవ్వుతారనే భయం మా వదినకూ ఉంది, నేను ఆమెను ఏమీ అనలేను. ఆ నవ్వు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

పెద్దవాళ్ళయినా ఈ చిక్కు నుంచి తప్పించుకోలేదు. సలమాంకా రెక్టర్లలో లోకమెరిగిన పేరు మిగేల్ దె ఉనమూనో. పుట్టుకతో బాస్క్ జాతివాడు. 1901లో బిల్బావోలో సొంత జనం ముందు నిలబడి, బాస్క్ భాష చనిపోతోంది, గౌరవంగా సాగనంపి కాస్తీలియన్‌ను సొంతం చేసుకుందాం అన్నాడు. సభ మండిపడింది. అదే మనిషి అంతర్యుద్ధం నడుస్తుండగా, 1936 అక్టోబరు 12న విశ్వవిద్యాలయ సభా మందిరంలో, ఒక వక్త బాస్కులనూ కటలాన్లనూ స్పెయిన్‌కు శత్రువులని తిట్టినప్పుడు, సైనికాధికారుల మధ్య లేచి నిలబడి, నేను బాస్క్‌ని, నా పక్కనున్న బిషప్ కటలాన్ అని గుర్తుచేశాడు. ఆయన సరిగ్గా ఏ మాటలు వాడాడన్నది చరిత్రకారులు ఇంకా వాదించుకుంటున్నారు. ఆ ఏడాది చివరి రోజున, ఇల్లు కదలనివ్వని నిఘాలో చనిపోయాడు. ఈ ఇద్దరు ఉనమూనోలనూ నేను కలిపి చూడలేకపోయాను, ఇప్పటికీ చూడలేను. భాషను వదిలేయమన్నవాడికి ఆ భాష మనుషుల మీద చెయ్యి పడేసరికి తను ఎవరో గుర్తొచ్చింది.

ఇక రాత సంగతి. మొదటి పెద్ద వ్యాసం రాయడానికి కూర్చున్నప్పుడు నాకు ఒక విషయం బయటపడింది. ఇంగ్లీషులో వ్యాసం రాయడం నాకు బాగా వచ్చు. ఎంత బాగా అంటే, చెప్పడానికి ఏమీ లేకపోయినా రెండు పేజీలు నింపగలను. ఆ వాక్యాలు ఎక్కడో తయారై ఉంటాయి, వరసగా పేర్చడమే నా పని. స్పానిష్‌లో నా దగ్గర అలాంటి సరుకు లేదు. ఉన్నవి చిన్న మాటలు. ఎవరు, ఎవరిని, ఏం చేశారు, ఎందుకు. ఆ మాటలతో రాయాలంటే ముందు నేను ఏమనుకుంటున్నానో నాకు తెలియాలి. తెలియనప్పుడల్లా కలం ఆగింది. ఆగిన చోటల్లా లోపల ఆలోచన తెలుగులో నడిచిందని కొన్ని వారాలకు గమనించాను. "అసలు ఆ భూమి ఎవరిది? ఎవరి దగ్గర లాక్కున్నారు?" అని నన్ను నేను అడుక్కునేది మా ఊరి మాటలోనే. ఎన్నేళ్ళుగానో పరీక్షల్లో పనికిరాని మాట, పరదేశపు తరగతి కోసం ఆలోచించడానికి పనికొచ్చింది. మార్కులు పదికి ఏడున్నర వచ్చాయి. అక్కడ ఐదొస్తే పాస్, ఏడుంటే గౌరవమే.

మా మేనమామ ప్రశ్నకు నా దగ్గర ఇప్పుడు ఒక జవాబు ఉంది. ఇంగ్లీషు ఎక్కడికీ పోలేదు. అది ఒక భాష అయి కూర్చుంది. అంతకు ముందు నాకది తెలివికి మారుపేరు.

ఇంగ్లీషు లేకుండా పైచదువులు చెప్పడానికి మన నేల మీదా చరిత్ర లేకపోలేదు. సలమాంకా పుట్టిన సరిగ్గా 700 ఏళ్ళకు, 1918లో, ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. వైద్యం, ఇంజనీరింగు, చట్టం ఉర్దూలో చెప్పడానికి అనువాద సంస్థ పెట్టి పుస్తకాలు తయారుచేశారు. దేశభాషలో ఉన్నత విద్య సాధ్యమని అది రుజువు చేసింది. అయితే ఆ రాజ్యంలో ఎక్కువమంది ఇంటి భాష ఉర్దూ కాదు. తెలుగు పిల్లలకు అదీ నేర్చుకుని ఎక్కాల్సిన మెట్టే అయింది. 1948 తర్వాత ఉర్దూ వెళ్ళి ఇంగ్లీషు వచ్చింది. 1968లో డిగ్రీ స్థాయి చదువులకు తెలుగు పుస్తకాలు తేవడానికి తెలుగు అకాడమీ పెట్టినప్పుడు తొలి అధ్యక్షుడు పి.వి.నరసింహారావు. ఆయనకు స్పానిష్ వచ్చన్న సంగతి చాలామందికి తెలుసు. ఆ రెండు పనులూ చేసిన మనిషి ఒక్కడే కావడం నాకు కాకతాళీయంగా తోచదు. 2021లో ఆంధ్రప్రదేశ్ డిగ్రీ కోర్సులన్నిటినీ ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చాలని నిర్ణయించింది. పేద పిల్లలకు ఇంగ్లీషు కావాలన్న వాదనను నేను తోసిపుచ్చను. నాకూ కావలసివచ్చింది, ఆ మెట్టు ఎక్కకపోతే సలమాంకా దాకా వచ్చేదాన్ని కాదు.

అందుకే నా విన్నపం ప్రభుత్వాలకు కాదు, లెక్చరర్లకు. జూన్‌లో కాలేజీ తెరిచాక వెనక బెంచీలో నోరు విప్పని పిల్ల ఒకతి తప్పకుండా ఉంటుంది. పాఠంలో ఒక్క ప్రశ్న ఆమెను తెలుగులో అడగండి. వెంటనే చెప్పదు, అలవాటు పోయి ఉంటుంది. చెప్పేదాకా ఆగండి.